కొండ మీది పెట్టెకు చెవుడొచ్చిన ముసురుకాలం

రాండి, ఇట్ల దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్ళు ముడుచుకుంటే ఆ చాప మీద ఇంకొకరికి కూడా తావుండాది. చెవిలో పెట్టుకున్నవి తీసి పక్కన పెట్టండి నాయనా, రొంతసేపు నా గొంతే వినండి. నేను చదివింది హోసూరు తెలుగు బడిలో ఐదో తరగతి. రాస్తే అక్షరాలు వంకర పోతాయి, సర్దుకోండి. జరిగింది మాత్రం వంకర పోనీయను. ఎవరు యాడ నిలబడి ఏమన్నారో, ఆ దినం ఎవరి చొక్కాకు గుండీ లేదో కూడా నాకు గుర్తుండాది.

నేను ముప్పై ఆరేండ్లు చేసింది ఒకటే పని, లారీల రేడియేటర్లు బాగుచేసేది. కృష్ణగిరి పోయే రోడ్డు పక్కన మా షెడ్డు. ఇంజను కాగిపోకుండా నీళ్ళు తిప్పే రాగి పెట్టెను రేడియేటరంటారు. దాన్ని నీళ్ళ తొట్టిలో ముంచి గాలి కొడితే యాడో ఒక బుడగ లేస్తుంది. బుడగ లేచిన తావే రోగం. ఆడ గీకి, మందు పూసి, సీసం కరిగించి అంటించాల. అంటించినాక మూడు చుక్కల గుర్తు కొట్టేది నాకు అలవాటు. మళ్ళ కారితే ఎవరి పని అని వెతికే పని లేకుండా నేరుగా నా దగ్గరికే వస్తుందని.

తర్వాత అల్యూమినియం వచ్చింది, ప్లాస్టిక్ వచ్చింది. పాడైతే పారేసి కొత్తది వేసుకునే కాలం. షెడ్డులో ఆరుగురము ఉండినోళ్ళము, చివరికి నేనూ ఓనరూ మిగిలినాము. ఓనరు పొద్దంతా పేపరు చదివేవాడు, నేను ఆయన చదివేసిన పేపరుతో సీసం గరిటలు తుడిచేవాణ్ణి.

అట్ల ఒక దినం మధ్యాహ్నం ఒకాయమ్మ వచ్చింది. చేతిలో గొడుగు, గుడ్డ సంచి, సంచిలో చుట్టిపెట్టిన కాగితం. తల నెరిసిపోయింది గానీ నడక మాత్రం బస్సు పట్టుకునే మనిషి నడక.

"రాగి గొట్టానికి మూత అంటించాల. సూది దూరే సందు కూడా మిగలకూడదు. చేస్తావా అప్పా?" అనింది.

"ఏ బండిదమ్మా?"

"బండిది కాదు. రిపీటరుది."

"అది ఏ కంపెనీ లారీ?" అని అడిగినాను. హాస్యానికి కాదు, నిజంగానే అడిగినాను.

ఆయమ్మ నవ్వలేదు. బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని కాగితం విప్పింది. అంతకుముందు ఆరు లేతు షాపులకు పోయి వచ్చిందంట. ఆరు గొట్టాలే అంటే ఎవరూ తల ఎత్తి చూడలేదంట. ఆయమ్మ జీవితమంతా టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో పనిచేసింది కాబట్టి మేమంతా టెలిఫోనమ్మ అని పిలిచేవాళ్ళము. రిటైరైనాక గవర్నమెంటు పరీక్ష రాసి వైర్‌లెస్ లైసెన్సు తీసుకునింది. ఆ లైసెన్సు ఉండేవాళ్ళను హ్యాములంటారు. సొంతంగా సెట్లు కట్టుకుని ఊరూరి మనుషులతో మాటాడతారు. దాంతో వ్యాపారం చేయకూడదు. సరదా కోసం, ఆపద వస్తే సాయం కోసం.

"రిపీటరంటే ఏమమ్మా?" అంటే ఆయమ్మ చెప్పిన తీరు ఇప్పటికీ మరవలేదు.

"తళిలో ఒక మనిషి చిన్న సెట్టు పట్టుకుని మాటాడితే ఆ మాట కృష్ణగిరికి చేరదు, మధ్యలో కొండలు. రాయకోట పక్క ఎత్తుకొండ మీద ఒక పెట్టె పెడితే అది ఆ మాటను విని, అదే క్షణం గట్టిగా తిరిగి చెప్తుంది. నువ్వే ఆ పెట్టె అనుకో. ఎవరో దూరం నుండి గుసగుసగా చెప్పేది చెవితో వింటా, అదే మాటను నోటితో అరస్తా ఉండాల. నీ అరుపే నీ చెవిలో పడితే ఆ గుసగుస వినిపిస్తుందా?"

"యాడ వినిపిస్తుందమ్మా."

"వినిపించేట్ల చేసేవే ఈ ఆరు గొట్టాలు. నీ నోటికీ నీ చెవికీ మధ్యన గోడ."

ఇంత పని ఎందుకని అడిగినాను. అంతకుముందు ఏడాది గాలివానకు తళి పక్క రెండు దినాలు ఫోన్లు పోయినాయంట. ఒక ఆడబిడ్డకు కాన్పు నొప్పులొస్తే బండి కావాలని చెప్పేదానికి మనిషి బైకులో బయల్దేరినాడు, దావలో చెట్టు పడి ఉండింది. ఆడికి చెప్పి ఆయమ్మ కాగితం చుట్టేసింది.

కృష్ణగిరిలో ఒక ఆఫీసరు ఆయమ్మ మాట విని, కొండ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఉండే చిన్న గదిని ఆరు నెలలకు ఇచ్చినాడు. ఆరు నెలలు అయినాక పరీక్ష. తళి నుండి పలికిన మాట కృష్ణగిరిలో తేటగా వినిపిస్తే గది ఉంటుంది, లేకపోతే తాళంచెవి తిరిగి ఇచ్చేయాల. ఆ తాళంచెవిని ఆయమ్మ ఇంటి తాళాల గుత్తిలో కాకుండా మెడలో తాడుకు కట్టుకుని తిరిగింది.

పని అంతా హోసూరులో ఆయమ్మ ఇంట్లోనే, భోజనాల బల్ల మీద. నాకు ఆడ ఇంకొక మనిషి పరిచయమైనాడు. గుంటూరు పక్కనుండి వచ్చి ఈడి ఫ్యాక్టరీలో మెషిన్లు బాగుచేసే ఉద్యోగం చేసేవాడు. ఆయనకూ లైసెన్సు ఉండాది. కొండ మీద నిలబెట్టే ఏరియలూ, దాన్నుండి పెట్టెకు దిగే కేబులూ ఆయన పని. నన్ను బాబాయ్ అనేవాడు.

"బాబాయ్, మీ తెలుగులో సగం తమిళం, పావు కన్నడం. మిగిలిన పావే నాకు అర్థమవుతోంది."

"ఆ పావుతోనే నీకు జీతమిచ్చే ఊరు ఇది, సర్దుకో అప్పా."

"ఇద్దరూ నోరు మూసుకుంటే ఆ సెట్టు ఏమంటుందో వింటాను," అనేది టెలిఫోనమ్మ.

ఆయమ్మ పని చేసే తీరు చూడాల మీరు. ఒక పెద్ద లెక్కల నోటుబుక్కు. ఏమి మార్చినా అందులో రాయాల. ఒకసారికి ఒకటే మార్చాల, రెండు మార్చకూడదు. ఒకసారి పెట్టె ఊరికే గురగురమని మొదలుపెట్టింది. గుంటూరాయన మూడు సామాన్లు ఒకేసారి మార్చేద్దామన్నాడు. "మార్చినాక బాగైతే, ఏది మార్చినందుకు బాగైందో మీకు తెలుస్తుందా?" అని ఆయమ్మ ఒప్పుకోలేదు. ఇంట్లో ఒక్కొక్క స్విచ్చి ఆపుతా, ఒక్కొక్కదానికి ఒక వరస రాస్తా పోయింది. మూడో దినం దొరికింది. పక్క గదిలో గోడకు వేలాడే సెల్లు చార్జరు. దాన్ని పీకేస్తే గురక ఆగిపోయింది. నేను ముప్పై ఆరేండ్లు బుడగ కోసం తొట్టిలోకి చూసినవాణ్ణి గదా, గాలిలో బుడగ పట్టుకునే మనిషిని అప్పుడే చూసినాను.

ఇంగ నా పని సంగతి. ఒక్కొక్క గొట్టం మూరకు రొంత పైన పొడుగు, బియ్యం కొలిచే పడి అంత లావు. లోపల ఒక కడ్డీ. పైన మర తిప్పితే కడ్డీ రొంత లేస్తుంది, రొంత దిగుతుంది. అట్ల తిప్పి ఆరింటినీ ఒక శ్రుతికి తెస్తారు. నేను కిందా పైనా మూతలు అంటించాల. మా ఇంటామె వాటిని చూసి, "మీ వైర్‌లెస్సు పనిచేయకపోతే ఇట్ల తెచ్చేయ్, రాగులు పోసుకుంటాను," అనింది.

టెలిఫోనమ్మ నాకు రెండే మాటలు చెప్పింది. ఒకటి, అంటించేటప్పుడు ఆయమ్మ ఇచ్చిన గుగ్గిలం మందే పూయాల. రెండు, గొట్టం లోపల ఒక్క చుక్క నీళ్ళు తగలకూడదు. రెండో మాటను నాలుగుసార్లు చెప్పింది.

మా షెడ్డులో గుగ్గిలం వాడము. ఆసిడ్‌లో జింకు ముక్కలు వేస్తే పొంగుతుంది, పొంగు అణిగినాక వచ్చే నీళ్ళే మా మందు. దాన్ని మేము స్పిరిటంటాము. మురికి రాగి మీద కూడా సీసాన్ని పరుగెత్తించేస్తుంది. కాకపోతే పని అయినాక నీళ్ళతో బాగా కడగాల, లేకపోతే రాగిని తినేస్తుంది. రేడియేటరు ఎట్లా నీళ్ళ పెట్టెనే కాబట్టి కడిగేది మాకు ఆలోచన లేకుండా జరిగిపోయే పని.

నాలుగు గొట్టాలు గుగ్గిలంతోనే చేసినాను. బాగా వచ్చినాయి. ఐదోదానికి వేడి కొట్టే దీపంలో గ్యాసు తగ్గింది. లావు రాగి వేడినంతా మింగేస్తా ఉండాది, సీసం అంటకుండా గుండ్లు గుండ్లుగా దొర్లి కింద పడతా ఉండాది. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు. పక్కనే స్పిరిటు సీసా ఉండాది. ముప్పై ఆరేండ్లు నాకు అన్నం పెట్టిన సీసా. కుంచెతో ఒక్క పూత పూసినాను. సీసం వేడి పెనం మీద నెయ్యి పారినట్ల చుట్టూ పారింది. ఆరోదానికీ అంతే చేసినాను. మామూలుగా అయితే తొట్టిలో ముంచేవాణ్ణి. నీళ్ళు తగలకూడదని ఆయమ్మ నాలుగుసార్లు చెప్పింది గదా. బయట గుడ్డతో తుడిచి, లోపల అట్లే వదిలేసి, మూడు చుక్కల గుర్తు కొట్టి ఇచ్చేసినాను. అబద్ధం చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఒక ఆదివారం ఆరు గొట్టాలనూ పాతచీరల్లో చుట్టి, ముగ్గురమూ రెండేసి ఒళ్ళో పెట్టుకుని హోసూరులో ధర్మపురి పోయే రైలెక్కినాము. ఎదురుగా కూర్చున్న పూలామె చూసి చూసి, "ఏమప్పా, గుడికి విగ్రహాలా?" అనడిగింది. "కాదమ్మా, కొండకు చెవులు," అన్నాడు గుంటూరాయన. ఆమె మల్లెపూల గంప మూసుకుని అవతలి పక్కకు తిరిగి కూర్చునింది.

రాయకోటలో దిగి జీపులో కొండెక్కి, సాయంత్రం లోపల అంతా బిగించినాము. మొదట బాగలూరు నుండి ఒకాయన గొంతు వచ్చింది, పక్క గదిలో నుండి పిలిచినట్ల. తర్వాత తళి నుండి ఒకాయన. ఆ గొంతు వచ్చినప్పుడు టెలిఫోనమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది, మళ్ళ పెట్టుకుని నోటుబుక్కులో టైము రాసింది.

మూడు నెలలు ఏ కష్టమూ లేదు. తర్వాత ముసురు పట్టింది. మన కొండల ముసురు మీకు తెలిసిందే, వాన పడినట్లూ ఉండదు, పడనట్లూ ఉండదు, గోడలు మాత్రం చెమ్మ తాగతా ఉంటాయి. పెట్టెకు చెవుడు వచ్చింది. పొద్దున పూట తళి మాట వినిపించేది కాదు. మధ్యాహ్నం ఎండ రొంత తగిలితే మళ్ళ వినేది. మరుసటి పొద్దున మళ్ళ చెవుడు.

టెలిఫోనమ్మ వరసగా వెతికింది. పెట్టె అరవకుండా ఆపితే బాగా వింటా ఉండాది, అరవడం మొదలుపెడితే చెవుడు. అంటే నోటికీ చెవికీ మధ్యనుండే ఆ గోడకు బీట పడింది. గొట్టాలు విప్పి హోసూరుకు తెచ్చి బల్ల మీద కొలిచింది. ఆరూ బాగుండాయి. రైల్లో వెచ్చగా, ఇంట్లో ఇంకా వెచ్చగా ఆరిపోయినాయని మాకెవరికీ తట్టలేదు. గొట్టాలు బాగుండాయి, పెట్టె బాగుండాది, ఇంగ మిగిలింది ఏరియలూ కేబులూ.

గుంటూరాయన మూడుసార్లు ఏరియలు నిలబెట్టిన కంబమెక్కినాడు. మూడుసార్లు జాయింట్లు విప్పి చూసి, కొత్త టేపు చుట్టినాడు. కేబులే మార్చేసినాడు. చెవుడు పోలేదు. ఒక సాయంత్రం బల్లకాడ ఆయమ్మ గొంతు మారింది.

"మీ జాయింటు నీళ్ళు తాగతా ఉండాది. మీరు ఒప్పుకోవడం లేదు."

"మేడమ్‌గారూ, మూడుసార్లు విప్పి చూశాను. పొడిగా ఉంది."

"మరి ఇంగేమి మిగిలిందో మీరే చెప్పండి."

ఆయన చేతిలో స్పానరును బల్ల మీద మెల్లగా పెట్టి చెప్పులేసుకున్నాడు. పదహైదు దినాలు ఆ గడప తొక్కలేదు. ఫోను చేస్తే ఫ్యాక్టరీలో షిఫ్టు అనేవాడు. నేను ఆ సాయంత్రం అదే బల్లకాడ వక్క నములుతా కూర్చుని ఉండినాను.

అంతలో కృష్ణగిరి నుండి కబురు వచ్చింది. శుక్రవారం పొద్దున ఏడున్నరకు పరీక్ష. "ఎండలో పనిచేసే ఫోను మాకాడ ఉండాది, ముసురులో పనిచేసేదే నాకు కావాల," అని ఆఫీసరు చెప్పినాడంట. తప్పు పట్టే మాట కాదు.

మంగళవారం పొద్దున నేనూ ఆయమ్మా కొండెక్కినాము. గది తలుపు తీస్తే ముసురు మా వెంటే లోపలికి వచ్చింది. ఆయమ్మ సెట్టుకాడ కూర్చునింది. నేను గొట్టాల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అలవాటు కొద్దీ అంచులు తడిమినాను. ఐదో గొట్టం అడుగున వేలికి జిగట తగిలింది. బ్యాటరీ లైటు వేసి చూసినాను. అంటించిన గీత మీద, నా మూడు చుక్కల గుర్తు పక్కన, పచ్చగా ఒక కన్నీటి బొట్టు. వేలు నాలుకకు తాకించినాను. పులుపు. ఆరోదీ అంతే.

మా షెడ్డులో కొత్తగా చేరిన ఎవరికైనా మొదటి వానాకాలంలోనే తెలిసిపోయే సంగతి అది. కడగని స్పిరిటు గాలిలో చెమ్మను పీల్చుకుని ఏడుస్తుంది. ఎండకు ఆరుతుంది, ముసురుకు మళ్ళ ఏడుస్తుంది. గొట్టం లోపల ఎంత ఏడ్చిందో.

"ఏమప్పా, ఏమైనా అగుపడిందా?" అనింది ఆయమ్మ వెనక నుండి.

"చెమ్మ అమ్మా. గోడ చెమ్మ," అన్నాను.

నా ముప్పై ఆరేండ్ల పనిలో నేను చెప్పిన అబద్ధాలు శానా ఉంటాయి. రేపు ఇస్తానని ఎల్లుండి ఇచ్చినవి, డ్రైవరు తొందర పెడితే సామాను రాలేదని చెప్పినవి. వాటిలో ఒక్కటీ నాకు బరువనిపించలేదు. ఈ ఒక్కటి బస్సులో రాయకోట నుండి హోసూరు దాకా నా పక్క సీట్లో కూర్చుని వచ్చింది.

ఇంట్లో ముద్ద కలిపి కలిపి పళ్ళెంలోనే పెట్టినాను. ఇంటామె ముందర కూర్చుని, "ఏమైంది?" అనింది. చెప్పినాను.

"చెప్పేస్తే నీకు పోయేదేముంది?"

"పేరు పోతుంది. ఇన్నేండ్లలో నా పని కారిందని ఒకరు అనలేదు."

"ఆ గుంటూరాయన పేరు పోయి పదహైదు దినాలాయ గదా," అనింది. "ఆయనది పేరు కాదా?"

పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది.

బుధవారం తెల్లవారంగానే టెలిఫోనమ్మ ఇంటికి పోయినాను. ఆయమ్మ కాఫీ వడగడతా ఉండింది. కూర్చోమనింది, కూర్చోలేదు. నిలబడే చెప్పేసినాను. ఐదోది, ఆరోది, స్పిరిటు, కడగనిది, నిన్న చెమ్మ అని అబద్ధం చెప్పినది. చెప్తా చెప్తా ఆయమ్మ మొహం చూడలేక కాఫీ గిన్నెనే చూస్తా ఉండినాను.

ఆయమ్మ స్టవ్వు ఆపింది. చెయ్యి తుడుచుకుని నోటుబుక్కు తెచ్చి కూర్చునింది. ఆ దినం తేదీ వేసి, కింద మెల్లగా రాస్తా పైకి చదివింది.

"లోపల నీళ్ళు తగలకూడదని నేను చెప్పినాను. ఎందుకు తగలకూడదో చెప్పలేదు. అంటించినాక కడిగి ఆరబెట్టే పని ఉంటుందా అని రాగి పని తెలిసిన మనిషిని అడగలేదు. ఇది నా తప్పు." ఒక గీత గీసింది. "ఇప్పుడు నీది చెప్పు. ఏ పక్క పూసినావు? పైమూతా, కిందమూతా?"

"రెండు పక్కలా అమ్మా."

"ఎంత?"

"కుంచెతో ఒక పూత. తిట్టండమ్మా నన్ను."

"శుక్రవారం అయినాక తిడతాను. ఇప్పుడు టైము లేదు." రాసింది. "సోడా ఉప్పుతో కడిగితే పోతుందా?"

"వేడినీళ్ళలో వేసి కడిగితే పోతుంది. మూతలు విప్పాల."

"సరి. పద."

కొండకు పోతామనుకున్నాను. ఆయమ్మ ఆటో ఎక్కి గుంటూరాయన ఉండే కాలనీ పేరు చెప్పింది. రెండో అంతస్తు. లిఫ్టు లేదు. మోకాలు పట్టుకుని ఎక్కింది. ఆయన భార్య తలుపు తీసింది, ఆయన షిఫ్టు నుండి వచ్చి బనీనుతో కూర్చుని ఉండినాడు. ఆయమ్మ గడప బయటే నిలబడి, ఇంట్లోవాళ్ళందరికీ వినిపించేట్ల చెప్పింది.

"మీ జాయింటు బాగుండాది. మూడుసార్లు మీరు నిజం చెప్పినారు, మూడుసార్లూ నేను నమ్మలేదు. ఇంట్లోవాళ్ళ ముందర చెప్పాలనే వచ్చినాను."

ఆయన లేచి నిలబడినాడు. "ముందు లోపలికి రండి మేడమ్‌గారూ," అన్నాడు. నేను నా సంగతి చెప్పినాను. విని, నా వైపు తిరిగి, "బాబాయ్, తడి కంబం మీరు నన్ను మూడుసార్లు ఎక్కించారు," అన్నాడు.

"కింద పట్టుకునింది నేనే గదా నాయనా," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

ఆయన నవ్వలేదు. నవ్వాల్సిన పనీ లేదు. లోపలికి పోయి చొక్కా వేసుకుని వచ్చి, "ఎన్ని గంటలకు బయల్దేరాలి?" అని అడిగినాడు.

గురువారం ముగ్గురమూ కొండ మీద ఉండినాము. సీసం కరిగించి రెండు గొట్టాల మూతలు విప్పినాను. లోపల చూస్తే పచ్చగా పాచి పట్టినట్ల ఉండాది. ఇద్దరికీ చూపించినాను, దాచలేదు. ట్యాంకు నీళ్ళు కాచి సోడా ఉప్పు వేసి కడిగినాను, మంచినీళ్ళతో కడిగినాను, నాలుకకు తాకించి చూసినాను, మళ్ళ కడిగినాను. రాగి తన రంగుకు వచ్చేదాకా వదల్లేదు. స్టవ్వు మీద తిప్పి తిప్పి ఆరబెట్టినాము.

మళ్ళ అంటించేదానికి గుగ్గిలమే. గాలికి దీపం ఊగుతా ఉండాది, సీసం మళ్ళ గుండ్లు కడతా ఉండాది. అప్పుడు గుంటూరాయన చేతులకు గోనెగుడ్డ చుట్టుకుని, "ముందు గొట్టం మొత్తం స్టవ్వు మీద వేడెక్కనిద్దాం బాబాయ్, దీపం ఆఖర్న," అని తనే పట్టుకుని తిప్పినాడు. చెయ్యి కాలతా ఉండాది, వదల్లేదు. నెమ్మదిగా, శానా నెమ్మదిగా, సీసం పారింది. తొందరపడకుండా ఉంటే ఆ దినం షెడ్డులో కూడా పారి ఉండేది. రాగికి కావాల్సింది స్పిరిటు కాదు, ఇంకొక పావుగంట. అది నాకు ఆ పనిలో ముప్పై ఏడో ఏట తెలిసింది.

తర్వాత టెలిఫోనమ్మ పని. చెవికి హెడ్‌ఫోను, కళ్ళు మీటరు ముల్లు మీద, చెయ్యి మర మీద. వెంట్రుకవాసి తిప్పేది, ఆగేది, రాసేది. ఆరు గొట్టాలూ ఒకదానికొకటి సర్దుకునేదాకా మూడు గంటలు ఆయమ్మ మంచినీళ్ళు కూడా అడగలేదు. నేను శానామంది పనివాళ్ళను చూసినాను. తన కోపాన్ని అంత శుభ్రంగా పక్కన పెట్టి పని చేసే మనిషిని అంతకుముందు చూడలేదు.

శుక్రవారం. గుంటూరాయన తెల్లవారకముందే బైకులో తళికి పోయినాడు. టెలిఫోనమ్మ కృష్ణగిరిలో ఆఫీసరు ముందర. నేను కొండ మీద గదిలో. ముసురు ఎంత దట్టంగా ఉండిందంటే పక్కనుండే ట్యాంకే అగుపడలేదు. నాకు లైసెన్సు లేదు కాబట్టి బటను నొక్కి మాటాడే హక్కు లేదు, స్పీకరులో వినేదే. గొట్టాల అడుగున వేలు పెట్టి చూసినాను. పొడిగా ఉండాది. మళ్ళ పెట్టి చూసినాను.

ఏడున్నరైంది. ముల్లు కదల్లేదు. ఏడూ ముప్పై మూడు. ముప్పై ఐదు. ఫోనుకు సిగ్నలు లేదు, అడిగేదానికి ఎవరూ లేరు. ఏడూ ముప్పై ఏడుకు ముల్లు రొంత లేచి పడింది. లేచి నిలబడింది.

"తళి నుండి మాట్లాడుతున్నాను. దారిలో లారీ అడ్డం పడితే చుట్టు తిరిగి వచ్చాను, ఆలస్యానికి క్షమించాలి. కృష్ణగిరి, వినిపిస్తోందా?"

"ప్రతి మాటా వినిపిస్తా ఉండాది," అనింది టెలిఫోనమ్మ. ఎక్స్‌చేంజిలో లైను కలిపే మనిషి గొంతే అది, వణుకు లేదు. "ఆఫీసరు గారికి ఒక అనుమానం. ముందే అనుకున్న మాటలు కాకుండా, ఇప్పుడు మీ ముందర ఏమి అగుపడతా ఉండాదో చెప్పమంటా ఉండారు."

"సరే. బస్సు ఆగి ఉంది. కండక్టరు ముందద్దం తువ్వాలుతో తుడుస్తున్నాడు. ఒక పెద్దామె కొత్తిమీర మూట పైన వెయ్యమంటోంది, ఆయన వెయ్యనంటున్నాడు. ఆమే గెలిచేలా ఉంది."

ముల్లు దిగి మళ్ళ లేచింది. తర్వాత ఆయమ్మ గొంతు.

"ఆఫీసరు గారు నవ్వతా ఉండారు. తాళంచెవి మన దగ్గరే ఉండనీమన్నారు." దాని వెంటే, "కొండ మీద ఒక మనిషి ఉండాడు. ఆయన జవాబు చెప్పకూడదు, వింటే చాలు. ఐదోదీ ఆరోదీ బాగా పనిచేస్తా ఉండాయి."

"మూడు చుక్కల గుర్తు ఉన్నవి," అన్నాడు తళి నుండి గుంటూరాయన. "ఆ గుర్తు నేను నమ్ముతాను."

జవాబు చెప్పేదానికి నాకు హక్కు లేదు. ఐదో గొట్టం మీద అరచెయ్యి ఆనించి అట్లే నిలబడినాను. వాళ్ళిద్దరి మాటా దాంట్లో నుండి పోతా ఉండింది, చేతికి మాత్రం ఏమీ తెలియలేదు, చల్లటి రాగి తప్ప.

ఆ పెట్టె ఇప్పటికీ ఆడనే ఉండాది. కొత్తగా ఎవరు ఆ పని నేర్చుకునేదానికి వచ్చినా టెలిఫోనమ్మ ముందు ఆ బుధవారం పేజీ తీసి చదివిస్తుంది. పైన ఆయమ్మ తప్పు, కింద నా తప్పు. ఆ కింద పేజీలో సగం ఖాళీగా ఉండాది. మీది కూడా రాసేదానికి తావుండాదని చెప్తుంది. తిడతానన్న తిట్లు మాత్రం ఇంకా తిట్టలేదు.

ఇంత సేపు కదలకుండా విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట తప్పు చేసిన మనిషి తెల్లవారంగానే వచ్చి చెప్పుకోగలిగిన గడప ఉండాల. ఆ గడపలో ఆ మాట విని, స్టవ్వు ఆపి, చెయ్యి తుడుచుకుని కూర్చునే మనిషి ఒకరుండాల. మీ బిడ్డలు ఎంత దూరంలో ఉండినా వాళ్ళ మాట మీకు తేటగా వినిపించాల, మీ మాట వాళ్ళకు అందాల. మీ కుండలో రాగులు తరగకుండా, మీ పొయ్యి పొద్దున్నే వెలగతా, మీ ఇల్లు నిండుగా ఉండనీ.